చీటీ రాయని వైద్యం

మనస్తత్వ శాస్త్రం అనే వృత్తి మీద విశాఖ పౌరులకున్న అనుమానం నిరాధారమైనది కాదని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ముందుగా రుసుము సంగతి. వాళ్లు సూది వేయరు, చీటీ రాయరు, నాలుక చాపమనరు. ముప్పావుగంట కూర్చోబెట్టి మనచేతే మాట్లాడించి, ఆ మాటలకు మన దగ్గరే డబ్బు పుచ్చుకుంటారు. ఆర్కే బీచ్ గోడ మీద ఇదే పని, మురీ మిక్చర్ పొట్లంతో, ఎదుటివాడి బాధను సగంలో ఆపి మన బాధ మొదలుపెట్టే వెసులుబాటుతో సహా, ఉచితంగా జరుగుతోంది.

మనం శాస్త్ర ద్వేషులమన్న నింద చెల్లదు. కోనేరు రామకృష్ణారావుగారి చొరవతో 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పారాసైకాలజీకి ఒక శాఖే వెలిసింది. ఎదుటివాడు నోరు తెరవకుండానే వాడి మనసు తెలుసుకోవచ్చునంటే మనకు చప్పున నమ్మకం కుదురుతుంది. అడిగి తెలుసుకుంటామనేవాళ్లతోనే పేచీ.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం వాళ్లే ఇచ్చుకున్నారు. తమ రంగంలోని 100 పరిశోధనలను మళ్లీ చేసి చూసి, వాటిలో నలభై శాతమైనా నిలబడలేదని 2015లో సైన్స్ పత్రికలో తామే అచ్చువేసుకున్నారు. తప్పును దాచుకోవడం కూడా చేతకాని వృత్తిని ఎలా నమ్మడం? మా వీధిలో వాస్తు పండితుడు ఒకే ఇంటి మెట్లను మూడుసార్లు కూల్పించాడు, ఒక్కసారైనా పొరబడ్డానన్నాడా? ప్రతిసారీ తప్పు మేస్త్రీదే.

క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే భారత పునరావాస మండలి రిజిస్టరులో పేరుండాలట. బోర్డు పెట్టినవాళ్లను ఆ నంబరు అడిగి చూడాలని మనలో ఎవరికీ తోచలేదు. పొద్దస్తమానం అనుమానించడానికే సరిపోతుంటే విచారించడానికి తీరికేదీ?

ఇక మా బావమరిది ఉదంతం. మూడు నెలలు నిద్ర లేకపోతే ఇంటిల్లిపాదీ శ్రద్ధగానే వైద్యం చేశాం: తాయెత్తు కట్టించాం, సింహాచలం తీసుకెళ్లి కప్పస్తంభాన్ని కౌగిలింపజేశాం, పెళ్లయితే అదే సర్దుకుంటుందని సంబంధాలు కూడా వెతికాం. అతగాడు మాత్రం పన్ను పీకించుకోవాలని చెప్పి వారం వారం ఎక్కడికో వెళ్లివచ్చేవాడు. ఆరు వారాలైనా ఒక్క పన్నూ తగ్గలేదని మా అత్తగారు కనిపెట్టడంతో గుట్టు బయటపడింది. పడుకున్న వేళ, లేచిన వేళ నోటుపుస్తకంలో రాయిస్తున్నారట. నిద్ర రాకపోతే పక్క మీద దొర్లకుండా లేచి కూర్చోమన్నారట. ఈమాత్రం మా బామ్మ చెప్పలేదా అని అందరం నవ్వుకున్నాం. (చెప్పలేదనుకోండి, అది వేరే విషయం.)

ఇప్పుడు రాత్రి పదిన్నరకల్లా గురక పెడుతున్నాడు. తాయెత్తు ఇంకా చేతికే ఉంది కనుక, ఆ గురకను ఎవరి ఖాతాలో వేయాలన్న విషయమై మా కుటుంబంలో భేదాభిప్రాయం లేదు.