మత్తడి దగ్గర మనిషి లేని ఊళ్లు

2023 జులై 27 ఉదయంతో ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకుముందు తెలంగాణ రికార్డు 2013 జులైలో వాజేడులో నమోదైన 517.5 మిల్లీమీటర్లు. నైరుతి నాలుగు నెలలకూ కలిపి రాష్ట్ర సగటు 740 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది కనుక, దాదాపు ఒక వానాకాలపు వాన ఒక్క రోజులో దిగిపోయినట్టే. ఆ తెల్లవారుజామున మోరంచపల్లిని వాగు ముంచెత్తింది, కొండాయిలో జంపన్నవాగు ప్రాణాలు తీసుకుపోయింది. మరుసటి ఏడాది ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు, 2025 ఆగస్టులో కామారెడ్డి, మెదక్. ప్రతిసారీ అధికారుల నోట వినిపించింది ఒకటే మాట: ఇది కనీవినీ ఎరుగని వాన. వినడానికి సమాచారంలా ఉండే ఈ మాట నిజానికి బాధ్యత నుంచి తప్పించుకునే దారి అని నా అభియోగం.

వాన కొలత ఒక్కటే ఊరి గతిని నిర్ణయించదు. ఆ జులైలో లక్ష్మీదేవిపేట రికార్డుకు ముందే రోజుల తరబడి ముసురు పట్టింది. ముసురు నేలను తడిపి, చెలకలను నింపి, కుంటలను అంచుల దాకా తెస్తుంది. ఆ తర్వాత కుండపోత వస్తే నీరు ఇంకే చోటు నేలలో ఉండదు. పడిన ప్రతి చుక్కా వాగు పాలవుతుంది. ఒక చదరపు కిలోమీటరు మీద 650 మిల్లీమీటర్లు పడితే 65 కోట్ల లీటర్లు. నిండిన చెరువుల మీద ఆ నీరు వచ్చిపడినప్పుడు తేలాల్సింది ఒక్కటే: అది ఎటు పోవాలో ముందుగా ఎవరైనా దారి చూపించారా?

భూతాపం పెరిగిందనీ, ఒక డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదనీ, ఇంతటి వానను ఏ కట్టడమూ తట్టుకోలేదనీ వాదించేవారున్నారు. భౌతికశాస్త్రం విషయంలో వారితో నాకు పేచీ లేదు. కానీ వాన స్వభావం మారిందని తెలిసిన తర్వాత కూడా కట్టడాల లెక్క మార్చకపోవడాన్ని ఆ వాదన సమర్థించదు, మరింత తప్పుగా నిలబెడుతుంది.

ఆ లెక్క సంగతే ఇక్కడ అసలు విషయం. చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే అలుగు, అంటే మత్తడి, ఎంత వెడల్పుండాలో తేల్చడానికి మన ఇంజినీర్లు తరతరాలుగా వాడుతూ వచ్చినవి వరద ఉద్ధృతిని అంచనా వేసే డికెన్స్, రైవ్స్ సూత్రాలు. దక్కను ప్రాంతానికైతే నిజాం కాలపు చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరుమీద ఉన్న సూత్రం. ఆయన పుట్టినరోజునే తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ మూడింటిలోనూ ఉండేవి పరీవాహక విస్తీర్ణం, అనుభవంతో ఎంచుకునే ఒక గుణకం. వాన ఎంత పడుతుందన్నది నేరుగా ఎక్కడా ఉండదు. అది ఆ గుణకంలోనే, నాటి వానల జ్ఞాపకంగా, ఇమిడి ఉంటుంది. వాన మారినప్పుడు గుణకం మారాలి, గుణకం మారితే మత్తడి పొడవు మారాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ నలభై ఆరు వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకుంది, ఎంతో మేలు చేసింది. అయినా పూడికతీతకు దక్కిన శ్రద్ధలో సగం కూడా మత్తళ్లకూ, ఒక చెరువు మిగులును కింది చెరువుకు చేర్చే వాగులకూ దక్కలేదు. నీళ్లు ఎంత నిలబెట్టామన్నదే గొప్పగా చెప్పుకున్నాం, ఎంత సాఫీగా వదిలామన్నది ఎవరూ అడగలేదు. రికార్డు వాన పడిన ఆ వెంకటాపూర్ మండలంలోనే, పాలంపేట దగ్గర, కాకతీయుల నాటి రామప్ప చెరువు ఇప్పటికీ ఉంది. గొలుసుకట్టు చెరువుల విద్యను లోకానికి చూపించిన నేలలో ఈ ఏమరుపాటు నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచినప్పుడు కూడా అది కనీవినీ ఎరుగని వానే. నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ మాట దగ్గర ఆగిపోలేదు. ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని లెక్క తీశారు, వాన కొలతలన్నీ తెప్పించుకున్నారు, అంతకంటే పెద్ద వరదను ఊహించి జలాశయాలు కట్టమన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. మన కాలపు వరదల్లో ఏ చెరువు ఎన్ని గంటలకు తెగింది, దాని మత్తడి సామర్థ్యమెంత, వచ్చిన నీరెంత అని చెరువువారీగా లెక్కగట్టిన పత్రాన్ని ప్రజల ముందు పెట్టడం ప్రభుత్వాల కనీస ధర్మం. నష్టపరిహారం ప్రకటనతో ఆ ధర్మం తీరదు.

ఇక్కడ నాకు ఎప్పటినుంచో మనసులో ఉన్న ఒక మాట చెప్పాలి. ఒకప్పుడు ప్రతి చెరువుకూ నీరడి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, కట్ట ఎక్కడ చెమ్మగిల్లుతోందో, మత్తడి ఎంత ఎత్తున దుంకితే కింది వాడకట్టును లేపాలో అతనికి తెలుసు. అది కులానికి కట్టేసిన కొలువు, వెట్టితో కలిసిపోయిన కొలువు. ఆ అన్యాయం పోవాల్సిందే, పోయింది కూడా. కానీ అన్యాయంతో పాటు ఆ పనినే తీసిపారేశాం. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) వ్యవస్థ రద్దయింది. నీరడుల వారసులుగా మిగిలిన గ్రామ రెవెన్యూ సహాయకులు (వీఆర్ఏలు) ఇరవై వేల మందికి పైగా ఉండగా, వారిని వేర్వేరు శాఖల్లో సర్దాలని ప్రభుత్వం నిర్ణయించింది సరిగ్గా ఆ 2023 జులైలోనే. వారికి ఉద్యోగ భద్రత దక్కడం న్యాయం. కొందరిని నీటిపారుదల శాఖకు పంపాలన్న ఆలోచనా మంచిదే. అయితే అర్ధరాత్రి కట్ట మీదికి వెళ్లడం ఫలానా వ్యక్తి విధి అని ప్రతి చెరువుకూ రాసిపెట్టనిదే ఆ ఖాళీ పూడదు. ఉపగ్రహాలు, వర్షమాపకాలు, ఫోన్లకు వచ్చే హెచ్చరికలు ఎన్ని ఉన్నా, పై చెరువు కట్ట కారుతోందని కింది ఊరికి చెప్పడానికి చీకట్లో టార్చిలైటు పట్టుకుని నిలబడిన మనిషి కావాలి.

కొత్త పథకం పేరు పెట్టకుండానే వచ్చే మృగశిరకు ముందు రెండు పనులు చేయవచ్చు. ప్రతి మత్తడి గోడ మీద అది ఎన్ని క్యూసెక్కులు వదలగలదో, ఆ లెక్క ఏ సంవత్సరం వానల ఆధారంగా కట్టారో రాయాలి. దాని కిందనే, ఆ చెరువుకు జీతమిచ్చి పెట్టుకున్న నీరడి పేరు, ఫోను నంబరు రాయాలి.