కెమెరా దాటేసిన కర్నూలును నడిచి చూపించాలి

2003 సంక్రాంతికి వచ్చిన ‘ఒక్కడు’ సినిమాలో కథానాయకుడి ఇల్లు చార్మినార్ పక్కన ఉంటుంది. ఆ చార్మినార్ హైదరాబాదు శివార్లలో వేసిన సెట్టు. కబడ్డీ పోటీ కోసం కర్నూలు వచ్చిన అతడు కొండారెడ్డి బురుజు ముందు ప్రతినాయకుడితో తలపడి, కథానాయికను విడిపించి తీసుకుపోతాడు. ఆ బురుజు మాత్రం అసలుదే. 17 ఏళ్ల తర్వాత, 2020 సంక్రాంతికి వచ్చిన ‘సరిలేరు నీకెవ్వరు’లో అదే నటుడు మహేశ్ బాబు మళ్లీ కొండారెడ్డి బురుజు ముందు నిలబడ్డాడు. ఈసారి బురుజునే రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్టుగా వేశారు.

ఈ రెండు బురుజుల సంగతి చెప్పకుండా కర్నూలులో సినిమా స్థలాల నడక మొదలుపెట్టడం సరికాదని నా అభిప్రాయం. ఊరికి వచ్చినవారిని గైడు వెంటబెట్టుకుని, చిత్రీకరణ జరిగిన చోట్లను కాలినడకన చూపించే ఏర్పాటు మన ఊళ్లలోనూ రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కానీ ‘ఇక్కడ హీరో నిలబడ్డాడు, అక్కడ విలన్ పడ్డాడు’ అని వేలితో చూపించి, ఫొటో తీయించి పంపేస్తే దానికి నడక ఎందుకు? ఆటో సరిపోతుంది.

గత డిసెంబరులో మా అక్క కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. వాడు అడిగిన మొదటి మాట, ‘మామా, బురుజు దగ్గరికి ఎప్పుడు తీసుకెళతావు?’ అని. పొద్దున ఆరున్నరకే బయలుదేరాం. బురుజు ఎదురుగా నిలబడి వాడు ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, ‘సినిమాలో చుట్టూ చాలా ఖాళీ ఉన్నట్టు ఉంటుంది కదా’ అన్నాడు. వాడి చుట్టూ ఆటోలు, తోపుడు బండ్లు, బడికి పోయే పిల్లలు, తెరుచుకుంటున్న అంగళ్లు. కెమెరా దేన్ని పక్కకు జరిపిందో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పకుండానే కనిపించింది. గైడు పని ఇక్కడి నుంచే మొదలుకావాలి.

సినిమాలో బురుజు ముందు బండెక్కిన మనిషి మరుక్షణం ఏదో ఘాట్ దారిలో తేలతాడు. నడుమ ఉన్న ఊరంతా ఎడిటింగ్ బల్ల మీద తెగిపోతుంది. నడిచేవాడికి ఆ వెసులుబాటు లేదు. బురుజు నుంచి తుంగభద్ర ఒడ్డుకు పోవాలంటే పాతబస్తీ సందులు దాటాల్సిందే. ఆ దారిలోనే విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలపు కోట ఆనవాళ్లు ఉన్నాయి. కొండారెడ్డి బురుజు ఒంటరి కట్టడం కాదని, ఒక పెద్ద కోటలో మిగిలిన ముక్క అని తెలిసేది నది వైపున్న ఎర్రబురుజు దాకా నడిచినప్పుడే. అలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని ఇందులో బంధించారని, ఆ పేరు అలా వచ్చిందని పెద్దలు చెబుతారు. విలన్ చేతుల్లోంచి అమ్మాయిని విడిపించిన చోటుగా లక్షలమందికి తెలిసిన కట్టడం ఒక బందీ పేరు మోస్తోంది. ఏ కథారచయితైనా తప్పక వాడుకోవలసిన సంగతి ఇది.

ఊరి పేరు కథ కూడా అలంపురంతో ముడిపడిందే. అక్కడి గుడికి రాళ్లు తోలే బండ్లవాళ్లు తుంగభద్ర దాటే ముందు ఈ ఒడ్డున ఆగి ఇరుసులకు కందెన వేసుకునేవారట. అలా ఇది కందెనవోలు, కందనవోలు అయి, చివరికి కర్నూలు అయిందని ప్రతీతి. ఈ మాట నది ఒడ్డున నిలబడి వింటే బండ్ల చప్పుడు చెవిన పడ్డట్టే ఉంటుంది. మా వాడు ఇరుసు అంటే ఏమిటని అడిగాడు. నేల మీద గీసి చూపించాను.

సినిమాను అడ్డం పెట్టుకుని చరిత్ర పాఠం చెబితే వచ్చినవాళ్లు విసుక్కుంటారని కొందరు మిత్రులు వాదిస్తారు. వియన్నాను చూడమంటాను. అక్కడ చిత్రీకరించిన ‘ది థర్డ్ మ్యాన్’ 1949 నాటి సినిమా. నేటికీ గైడ్లు సందర్శకులను ఆ సినిమా వీధుల వెంట తిప్పుతారు, భూగర్భ మురుగు కాలువల్లోకి కూడా దింపుతారు. ఆ కథ అర్థం కావాలంటే యుద్ధం తర్వాత ఆ నగరాన్ని నాలుగు దేశాల సైన్యాలు పంచుకున్న సంగతి తెలియాలి. ఆ పరాయి పాలన 1955 దాకా సాగింది. సినిమా కోసం వచ్చినవాడు చరిత్ర కూడా తెలుసుకుని వెళతాడు.

ఇంచుమించు ఆ ఏళ్లలోనే కర్నూలు ఒక రాష్ట్రానికి రాజధాని. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, టంగుటూరి ప్రకాశం తొలి ముఖ్యమంత్రి అయ్యారు. కట్టడాలు చాలక గుడారాలు వేసి కార్యాలయాలు నడిపారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. మూడేళ్ల రాజధాని! ఆ గుడారాల ఊరి మీద సినిమా తీయాలని ఎవరికీ తోచకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మన మీద తీసినవి వేరు.

1999లో ‘సమరసింహారెడ్డి’ ఘనవిజయం సాధించాక సీమ అంటే సుమోలు, బాంబులు, తొడగొట్టడాలు అన్న ముద్ర పడిపోయింది. పై చదువుకు హైదరాబాదు పోయిన మా పిల్లలను హాస్టల్లో ‘మీ ఇంట్లో కత్తులు ఉంటాయా?’ అని అడిగేవారు. ఫ్యాక్షన్‌లో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు ఈ జిల్లాలో నిజంగానే ఉన్నాయి, ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఒంటిచేత్తో పిల్లలను సాకారు. అందుకే నడకలో వేటకొడవలి బొమ్మలు అమ్మడం, కొట్లాట దృశ్యాలను మళ్లీ ఆడించడం వంటివి రాకూడదు. తాడిపత్రిలో పుట్టిన దర్శకుడు కె.వి.రెడ్డి, కడప జిల్లా నుంచి మద్రాసు వెళ్లిన దర్శకుడు బి.ఎన్.రెడ్డి, నిర్మాత నాగిరెడ్డి సోదరులు తెలుగు సినిమాకు ఎంత చేశారో గైడు ఏదో ఒక మలుపులో తప్పక చెప్పాలి. సీమను తెర మీద చూసిన కుర్రవాడికి తెర వెనుక సీమ కూడా తెలియాలి.

బనగానపల్లెలో జరిగింది నన్ను ఇంకా కలవరపెడుతుంది. యాగంటి దారిలో ఉన్న నవాబు బంగళాను 2009లో వచ్చిన ‘అరుంధతి’లో చూపించారు. ఇప్పుడు దారి అడిగే యాత్రికులు ‘అరుంధతి బంగళా ఎక్కడ?’ అనే అడుగుతారు. 1948 దాకా బనగానపల్లె నవాబుల ఏలుబడిలోని సంస్థానం. దేశమంతా తినే మామిడికి పేరిచ్చిన ఊరు తన బంగళా పేరును ఒక్క సినిమాకు పోగొట్టుకుంది. సినిమా లేకపోతే ఆ బంగళా వైపు ఎవరూ చూసేవారు కాదన్నదీ నిజమే, కాదనను. అక్కడ నిలబడి రెండు మాటలు చెప్పే మనిషి ఉండి ఉంటే రెండు పేర్లూ నిలిచేవి.

నంద్యాల దారిలోని ఓర్వకల్లు రాళ్లవనంలో 2013 జులైలో ‘బాహుబలి’ చిత్రీకరణ మొదలైంది. అది నడిచి పోయే దూరం కాదు. దాన్ని ఊరి నడకతో కలపకుండా, విడిగా ఒక పూట పెట్టుకోవడం మేలు.

ఇక నడిచే వేళ. మా ఎండలు తెలిసినవారు మార్చి దాటాక తొమ్మిది గంటల తర్వాత ఎవరినీ రోడ్డు మీద నిలబెట్టరు. ఆరింటికి బురుజు, ఏడింటికి ఎర్రబురుజు, ఆ పైన నది ఒడ్డు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో పాతబస్తీలో ఎవరిని అడిగినా గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఎనిమిదిన్నరకు ఉగ్గాని, బజ్జీ. గైడు ఇక్కడి పిల్లవాడో పిల్లో అయి ఉండాలి, వారికి ఇచ్చే రుసుము వారికే చెందాలి. బురుజు పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం కాబట్టి, గుంపు పదిహేనుగురికి మించకూడదు.

ఆ డిసెంబరు ఉదయం తిరిగి వస్తుంటే బురుజు దగ్గరి టీ అంగడి పెద్దాయన మమ్మల్ని ఆపారు. షూటింగు రోజుల్లో తాళ్లు కట్టి జనాన్ని ఆపింది ఎక్కడో, తాను ఎవరి భుజాల మీదుగా తొంగి చూశారో, ఒక్క దెబ్బను ఎన్నిసార్లు తీశారో ఇరవై నిమిషాలు చెప్పారు. చెబుతూ చెబుతూ అంగడి వదిలి రోడ్డు మీదికి వచ్చి, ‘నేను నిలబడింది ఇదిగో, ఈడ’ అని కాలితో చూపించారు. మా వాడు ఫోను తీసి, బురుజును వదిలేసి, ఆయన పాదాల కింది నేలను ఫొటో తీసుకున్నాడు.