నీరు యజమానిది, రోగం పంచాయతీదా?

విజయనగరం జిల్లా గుర్లలో 2024 అక్టోబరులో అతిసారం ప్రబలినప్పుడు వేళ్లన్నీ అధికారుల వైపే చూపించాయి. అది సబబే. అయితే సొంత నూతి నీటినో, బోరు నీటినో అద్దెకున్నవారి చేత తాగిస్తున్న ఇంటి యజమానుల ఊసు ఆ చర్చలో పెద్దగా రాలేదు.

అద్దె ఇళ్ల గేట్లకు వేలాడే అట్టముక్కల మీద ‘24 గంటలూ బోరు నీళ్లు’ అని రాసి ఉంటుంది. అద్దెలో ఆ నీటి ధర కూడా కలిసే ఉంటుంది. పెరట్లోకి వెళితే కనిపించేది పగిలిన చప్టా, అంట్లు తోమిన నీరు తిరిగి ఇంకిపోతున్న నుయ్యి, దానికి పది అడుగులైనా ఎడం లేని మరుగుదొడ్డి గొయ్యి. ఈ రెంటి మధ్య కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి.

నేల కింది నీటిపై భూయజమానికి హక్కును 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టమే గుర్తించింది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం బావిని నమోదు చేయించమన్నా, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు బోరు వేయవద్దన్నా ‘నా నేల, నా నీరు’ అంటూ ఆ హక్కునే అడ్డం పెట్టుకునే పెద్దమనిషి, అద్దెకున్నవారి బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకోగానే పంచాయతీ బ్లీచింగ్ చల్లలేదని నిలదీస్తాడు. నీరు తనదైనప్పుడు అందులోని మురుగు మాత్రం పంచాయతీది ఎలా అవుతుంది?

చిన్న యజమానులకు ఖర్చు భారమన్న వాదన ఉంది. 1000 లీటర్ల నీటికి 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి గంట ఆగడం ఏపాటి భారం? పరీక్షకు గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలు ఉండనే ఉన్నాయి. 100 మిల్లీలీటర్ల తాగునీటిలో మలం కలిసిందని చెప్పే ఈ-కోలి క్రిమి ఒక్కటి కూడా కనిపించరాదని, మురుగు నుంచి నీటిలోకి చేరే నైట్రేటు అనే లవణం లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ‘కాచుకు తాగమన్నాం కదా’ అనేవారు, కాస్తే క్రిములు చస్తాయే తప్ప నైట్రేటు పోదని తెలుసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూలమేదో ఇప్పటికీ తేలలేదు గనుక అక్కడ నూతి యజమానిని నిందించడం అన్యాయం. మరుగుదొడ్డి పక్కనే ఉన్న నూతి విషయంలో అలాంటి సందేహానికి తావే లేదు.

నీళ్లున్నాయని అట్ట కట్టి అద్దె గుంజే యజమానులు దాని కిందనే నీటి పరీక్ష ఫలితాన్ని, తేదీని కూడా రాయాలి. అది చేతకాకపోతే ‘బోరు నీళ్లు’ అన్న మాట ముందు చెరిపేయండి.