పది దాటితే డీజే బంద్. మరి విమానం?

నిన్న రాత్రి 2:40. వంటింట్లో గిన్నెల స్టాండులో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. తర్వాత కిటికీ అద్దం. ఆ తర్వాత అక్కావాళ్ల ఆర్నెల్ల పాప ఏడుపు. మా ఇంట్లో విమానం వచ్చినట్టు తెలిసేది ఈ వరసలోనే. ఏ ఊరో చెప్పను, చెప్తే ‘ఎయిర్‌పోర్టు పక్కన ఇల్లెందుకు కొన్నావ్’ అంటారు. కొనలేదండీ, తాత కట్టిన ఇల్లు. అప్పట్లో రోజుకి నాలుగు విమానాలొచ్చేవి, మేడెక్కి చేతులూపేవాళ్లం.

మొన్న మా సందులో పెళ్లి. పది దాటి పది నిమిషాలైందో లేదో పోలీసులొచ్చి బరాత్‌లో డీజే ఆపించారు. మంచిదే, రూల్ అది. ఇళ్లున్న చోట రాత్రి పది నుంచి ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. కానీ 2018లో కేంద్రం ఎయిర్‌పోర్టుల చుట్టుపక్కలకి వేరే లెక్క రాసింది. రద్దీ ఎయిర్‌పోర్టు అయితే రాత్రి 65. అదీ సగటు. ఇల్లంతా అదిరిన ఆ ఇరవై సెకన్లని ఎనిమిది గంటల మీద పరిచేస్తే ఇంకేం మిగులుతుంది? పాప సగటున లేవదు కదా, ఉలిక్కిపడి లేస్తుంది.

మేం పైన ఇంకో అంతస్తు వేయాలంటే ఎత్తుకి ఎన్‌ఓసీ కావాలి. పది కిలోమీటర్ల లోపు పక్షులు చేరేలా చెత్త పోయకూడదు. ప్రాణాల విషయం, ఒప్పుకుంటాం. మరి వాళ్లకేం రూలుంది? ఎయిర్‌లైన్‌కి ఫిర్యాదు పెడితే ‘స్లాట్ ఇచ్చింది ఎయిర్‌పోర్టు’ అన్నారు. ఎయిర్‌పోర్టుకి పెడితే ‘టైమింగ్స్ ఎయిర్‌లైన్ ఇష్టం’ అన్నారు. ఆర్నెల్లుగా ఇదే కబడ్డీ.

రాత్రి ఎందుకు తిప్పుతారో నాకూ తెలుసు. నేలమీద నిలబడ్డ విమానం పైసా సంపాదించదు, దాని అద్దె మాత్రం ఆగదు. అందుకే రాత్రి గల్ఫ్‌కి ఓ ట్రిప్పు వేసి, తెల్లారేసరికి ఢిల్లీకి రెడీ. పైగా మన దగ్గర ల్యాండింగ్ చార్జీ బరువుని బట్టి వేస్తారు, చప్పుడుకి లెక్కే లేదు. లండన్ హీత్రూలో గోల ఎక్కువ చేసే విమానం ఎక్కువ కట్టాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011 నుంచి రాత్రి 11 మొదలు పొద్దున 5 దాకా షెడ్యూల్ ఫ్లైట్లే పెట్టరు. ఆ ఎయిర్‌పోర్టేం మూతపడలేదే.

నా సంగతీ చెప్పేస్తా. పోయిన సంక్రాంతికి నేను కొన్నది పొద్దున 4:50 ఫ్లైట్, పన్నెండొందలు తక్కువని. ఆ రోజు ఎవరింట్లో గ్లాసులు మోగాయో మరి.

అందుకే విమానాలు ఆపమనట్లేదు. పది తర్వాత దిగే ప్రతి విమానం దగ్గరా చప్పుడు చార్జీ పట్టండి. ఆ డబ్బుతో మా వీధిలో కిటికీలకి రెండు పొరల అద్దాలు బిగించండి. టికెట్ మీద వంద పెరుగుతుందా? పెరగనీ, మొదటి వంద నేనే కడతా.