డబ్బు కట్టినా డ్రైవర్లు అవే

జోరిన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో డబ్బు కట్టి కొనే 'ప్రో', ఉచితంగా దొరికే 'కోర్' అని రెండు రకాలున్నాయి. కొత్తవాళ్లు ప్రో కొనుక్కుంటే ఇబ్బందులు తప్పుతాయని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ప్రోలోనూ కోర్‌లోనూ ఉన్నది ఒకే పునాది (ఉబుంటు అనే మరో లైనక్స్), హార్డ్‌వేర్‌ను పనిచేయించే డ్రైవర్లూ అవే. డబ్బుకు దక్కేవి అదనపు డెస్క్‌టాప్ లేఅవుట్లు, ముందే వేసిపెట్టిన సాఫ్ట్‌వేర్లు, ఇన్‌స్టలేషన్ వరకు సాయం. ఆ సాఫ్ట్‌వేర్లు చాలావరకు స్టోర్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

కొత్తవాళ్లను నిజంగా ఆపేది వైఫై, ముఖ్యంగా బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లలో. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, దాని ఇంటర్నెట్ ల్యాప్‌టాప్‌కు అందేలా యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, జోరిన్‌లోని 'అడిషనల్ డ్రైవర్స్'లోంచి డ్రైవర్ వేయండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ఆపే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెర మీద 'ఎన్‌రోల్ మోక్' (ఆ డ్రైవర్ సంతకాన్ని నమ్మమని చెప్పడం) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది ఆ తెరను దాటేస్తారు. డ్రైవర్ లోడ్ కాదు, నింద లైనక్స్ మీద పడుతుంది.

అందుకే ముందు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో కోర్ ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి. వైఫై, సౌండ్, మూత మూసి తెరిస్తే మేల్కొంటుందా లేదా, ఈ మూడూ తేలాలి. తెలుగు టైపింగ్‌కు ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ ఉంది, అదీ ఉచితమే. కొన్నాళ్లు వాడాక నచ్చితే అప్పుడు ప్రో కొనండి. తయారుచేసినవాళ్లకు ఆ డబ్బు చేరడం న్యాయమే.