స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రిన్సిపాల్ గారికి ఒక ఆడపిల్ల తల్లి లేఖ

మహారాజశ్రీ సీమోర్ స్కినర్ గారి దివ్యసముఖమునకు,

అయ్యా,

మీరు కార్టూను మనిషి అన్న సంగతి నాకు తెలుసు. 1989 నుంచి ‘ది సింప్సన్స్’ అనే అమెరికన్ కార్టూన్ సీరియల్‌లో అదే బడిని, అదే తల్లి చాటు బతుకును నెట్టుకొస్తూ, ఒక్క ఏడైనా వయసు మీద పడకుండా ఉన్నారనీ తెలుసు. అయినా మీకే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న మా అమ్మాయి ఇంటర్మీడియట్ అడ్మిషన్ కోసం ఒక జూనియర్ కాలేజీలో ర్యాంకర్ల ఫ్లెక్సీల కింద మధ్యాహ్నమంతా పడిగాపులు పడి, తీరా లోపలికి వెళ్లి చూస్తే, ప్రిన్సిపాల్ కుర్చీలో కనిపించింది మీరే. ముక్కూ మొహమూ వేరు కానీ మాట మాత్రం అచ్చంగా మీదే.

2006 ఏప్రిల్‌లో ప్రసారమైన ఆ ఎపిసోడ్ మీకు గుర్తుండే ఉంటుంది. మీ బడిలోనే చదువుకుని పైకి వచ్చిన ఒక దర్శకురాలు వేదిక మీద నిలబడి, తనకు లెక్కల్లో మాత్రం ఒకటి రెండు ‘బి’ గ్రేడులు వచ్చాయని చెప్పుకుంటే, ఆడపిల్ల కాబట్టి అది సహజమేనని మీరు చిరునవ్వు చెదరకుండా సెలవిచ్చారు. సభలో కలకలం రేగాక సర్దుకోబోయి, లెక్కలూ సైన్సూ వంటి అసలైన సబ్జెక్టుల్లో మగపిల్లలే మెరుగన్నది మీ అనుభవమని చెప్పి, ఊబిలోకి మరికాస్త దిగబడ్డారు. నిజానికి ఆ పాండిత్యం మీ సొంతం కాదు. 2005 జనవరిలో హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ సమ్మర్స్, సైన్సు, ఇంజనీరింగు రంగాల పైమెట్ల మీద స్త్రీలు తక్కువగా ఉండడానికి పుట్టుకతో వచ్చే సామర్థ్యంలోని తేడాలు కూడా ఒక కారణం కావచ్చునని ఒక సదస్సులో అన్నాక, మీ రచయితలు ఆ ధోరణిని తెచ్చి మీ నోట పెట్టారు. అదే హార్వర్డ్ అంతకు ముందు ఏడాదే మరియమ్ మీర్జాఖానీకి గణితంలో డాక్టరేటు ఇచ్చిందనీ, 2014లో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్న తొలి మహిళ ఆవిడేననీ మీకు గుర్తు చేయాలని ఉంది. కానీ మీ జవాబు నాకు ముందే తెలుసు: ‘పాపం, బాగా కష్టపడి ఉంటుంది.’

నిన్న మీ ప్రతిరూపం అన్నదీ అదే. ‘సార్ రాలేదా మేడమ్?’ అన్న మొదటి ప్రశ్నను నేను దిగమింగాను. ఆయన మార్కుల మెమో అందుకుని, లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది దగ్గర వేలు ఆపి, ‘అమ్మాయి కష్టజీవిలా ఉందే’ అని, దరఖాస్తులో మేము ఎంపీసీ అని రాసిన చోటు పక్కన పెన్సిలుతో బైపీసీ అని రాశారు. ఆడపిల్లలకు అదైతే తేలికట. వృక్షశాస్త్రమూ జంతుశాస్త్రమూ తేలికని ఆయనకు ఎవరు చెప్పారో! మా వెనుక వచ్చిన కుర్రాడికి అదే లెక్కల్లో డెబ్బై ఒకటి; ‘బుర్ర ఉందండీ, కాస్త కూర్చుంటే పుంజుకుంటాడు’ అని ఎంపీసీకి సంతకం పెట్టేశారు. అంటే రాని మార్కుల వెనుక కూడా మగపిల్లాడికి బుర్ర కనిపిస్తుంది, వచ్చిన మార్కుల వెనుక కూడా ఆడపిల్లకు కనిపించదు. ఇక ఏ పరీక్ష రాసి, ఎన్ని మార్కులు తెచ్చుకుంటే నా కూతురికి బుర్ర ఉన్నట్టు లెక్క?

మీ దగ్గర కూడా అంతే కదా. మీ తరువాత వచ్చిన ఆవిడ ఆడపిల్లలను వేరే గదిలో కూర్చోబెట్టి, అంకెలను చూస్తే మనసుకు ఏమనిపిస్తోందని అడిగితే, అసలు లెక్కలు నేర్చుకోవడానికి మీ బడి పిల్ల లీసా మగపిల్లాడి వేషం వేయవలసి వచ్చింది. తీరా గణితంలో బహుమతి గెలిచాక, అది మగపిల్లాడిలా ఆలోచించడం తాను నేర్పినందువల్లనేనని ఆ ఘనతను ఆమె అన్న బార్ట్ తన ఖాతాలో వేసుకున్నాడు.

ఒక్క విషయంలో మాత్రం మీ మీద నాకు జాలి. ఆ ఒక్క మాటకు మీ కుర్చీ ఊడింది. మా ప్రిన్సిపాల్ గారికి ఏమీ ఊడదు. ఆయన తన మాటను పక్షపాతం అనుకోరు, మా మంచి కోసం ఇచ్చిన సలహా అనుకుంటారు. పెన్సిలు రాతను నేను పెన్నుతో కొట్టివేస్తే, ‘మీ ఇష్టం మేడమ్, రేపు ర్యాంకు రాకపోతే మమ్మల్ని అనకండి’ అన్నారు. అంటాను. తప్పకుండా అంటాను. రెండేళ్ల పాటు తరగతిలో నా పిల్లను ఆ చూపే చూస్తే, ర్యాంకు వచ్చినా అంటాను.

పిల్లల తెలివి అసలైనదో అరువు తెచ్చుకున్నదో తేల్చే అధికారం మీకు ఎక్కడిదన్నది కూడా ఒకసారి చూసుకోండి. యుద్ధంలో చనిపోయాడనుకున్న మరొకరి పేరు పెట్టుకుని, మరొకరి తల్లిని అమ్మా అని పిలుస్తూ, ఆ పేరు మీదనే ప్రిన్సిపాల్ అయిన మనిషి మీరని 1997లోనే బయటపడింది కదా, ఆర్మిన్ టామ్జేరియన్ గారూ! ఆ సంగతి ఇక ఎవరూ ఎత్తరాదని మీ ఊరి జడ్జి శాసించారట. నేను మీ ఊరి దాన్ని కాను.

ఇట్లు,
ఎంపీసీ విద్యార్థిని తల్లి