ఫీవరే శరణ్యం

బెంగళూరులో బీదా గొప్పా తేడా పోలేదని బాధపడే మేధావులు మన పిల్లల లీవ్ లెటర్లు చూసినట్టు లేరు. కదిరి నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంటు కట్టిన మేస్త్రి కొడుకు సర్కారు బడిలో నోట్‌బుక్కు కాగితం చించి రాస్తాడు. ఆ అపార్ట్‌మెంటు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ దంపతుల కూతురు స్కూలు యాప్‌లో కొడుతుంది. రెండింట్లోనూ ఉండేది ఒక్కటే: 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్'. కడుపు చెడినా ఫీవరే, కదిరి తేరుకు పోయినా ఫీవరే. 1835లో ఇంగ్లీషు చదువే చదువని పత్రం రాసిన మెకాలే దొర కూడా ఇంతటి సమానత్వం ఊహించి ఉండడు.

దారులు మాత్రం వేరు, ఫీజుల్లాగే. మేస్త్రి కొడుక్కి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో కన్నడం. వీటి తర్వాత వచ్చే ఇంగ్లీషుకు కర్ణాటక పదో తరగతి పరీక్ష ఎస్సెస్సెల్సీలో పేరు ద్వితీయ భాష, 100 మార్కులు. బోర్డుకు లెక్కలు రాక కాదు, పిల్లాణ్ణి భయపెట్టడం ఇష్టంలేక నాలుగును రెండంటోంది. సాఫ్ట్‌వేర్ వారి పిల్ల చదివే ఐసీఎస్‌ఈ బోర్డు వారిది మరీ దొడ్డ మనసు. ఇంగ్లీషును భాష, సాహిత్యం అని రెండు పేపర్లు చేసి, చెరో 80 మార్కులిచ్చి, రెండోదాంట్లో షేక్స్‌పియర్‌ను కూర్చోబెట్టారు. ఆయన్ని చదివే అవస్థ పిల్లలకు పట్టకుండా గైడ్లవాళ్ళు కాపాడుతున్నారు. గైడు కొనడం నామోషీ అనుకునే చోట చాట్‌జీపీటీ కాపాడుతోంది.

మా పై అంతస్తు టీచరమ్మ అన్నిరకాల బళ్ళలోనూ పాఠాలు చెప్పింది. మొన్న దిద్దుతూ ఒక పేపరు చూపించింది. వీధిలో చెత్త తీయడం లేదని కమిషనర్‌కు ఉత్తరం రాయాలి. తొమ్మిదో తరగతి కుర్రాడు, గైడు దొరకలేదో ఏమో, నిజంగా తన వీధి గురించే రాసేశాడు! ఖాళీ సైటు, అందులో పందులు, చెత్తబండి అన్న ఎప్పుడో ఒకనాడు రావడం, వచ్చేసరికి వాళ్ళమ్మ కూలికి పోయి ఉండడం. స్పెల్లింగులు ఎవరి దారి వారిదే. కానీ చదువుతుంటే ముక్కు మూసుకోవాలనిపించింది. పైన అడ్రసు లేదు, కింద 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' లేదు. పదికి మూడు.

"చదవాలనిపించిన పేపరు ఇదొక్కటే అన్నా. ఏం చేసేది, ఫార్మాట్‌కే సగం మార్కులు" అంది.

సరిగ్గానే వేసింది. సొంతంగా చెప్పుకునే మాట ఉందని పద్నాలుగేళ్ళకే తెలిసిపోతే రేపు పదో తరగతిలో వాణ్ణి ఎవరు పట్టాలి? ఆమె దగ్గరికే ట్యూషన్‌కొచ్చే గేటెడ్ కమ్యూనిటీ పిల్ల ఇదే ఉత్తరానికి తన స్కూల్లో తొమ్మిది తెచ్చుకుంది. ఆ పిల్ల ఇంట్లో చెత్త ఎప్పుడు పోతుందో, ఎవరు తీసుకుపోతారో పాపం దానికి తెలీదు.

2025 సెప్టెంబరులో బీబీఎంపీ అనే ఒకే కార్పొరేషన్ పోయి నగరానికి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి గదా, పిల్లలు ఇప్పుడు ఏ కమిషనర్‌కు రాయాలని తల్లిదండ్రులు టీచరమ్మను అడుగుతున్నారట. కంగారు అనవసరం. ఎవరికి రాసినా మార్కులొస్తాయి, పోస్టు చేసేది ఎటూ లేదు.